నాలుగో షరతు

పోయిన నెలలో ఒక రోజు పొద్దున్నే కాఫీ తాగుతుంటే హరిత అనే అమ్మాయి ఫోన్ చేసింది. ముప్పై రెండేళ్ళు పనిచేసి నేను దిగిపోయిన రోడ్ల శాఖలో ఆమె కొత్తగా చేరిన అసిస్టెంటు ఇంజనీరు. ఒక కల్యాణ మండపానికి ట్రాఫిక్ రిపోర్టు రాస్తోందట.

"సార్, షరతుల దగ్గర మీ పేరానే పెట్టేసేనండి. నాలుగో షరతు. మా ఆఫీసులో అందరూ అదే పెడతారు. అది రాసింది మీరేనని నిన్ననే తెలిసింది. ఎంత బాగుందోనండి, పైవాళ్ళు ఎవరూ వంక పెట్టట్లేదు," అంది.

ఆ పిల్ల మెచ్చుకోలుగానే అంది. నేను మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ షరతు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ప్రార్థన సమయములందు గేటు వద్ద ఎర్రజెండాలతో ఇద్దరు వాలంటీర్లను నియమించి రాకపోకలను క్రమబద్ధీకరించవలెను." ప్రార్థన అన్న చోట వివాహం అనో, తరగతులు అనో మార్చుకుంటే మండపానికీ, స్కూలుకీ, గుడికీ అన్నిటికీ సరిపోతుంది. అలాగే మార్చుకుంటున్నారట.

ఈ వాక్యం ఒక మనిషిని చంపింది. ఆయన పేరు యేసేబు.

హరితకి అది చెప్పాను. అంతా విని చాలా మామూలుగా, "మరి దాని బదులు ఏం రాయమంటారు సార్?" అని అడిగింది. రెండు రోజుల్లో చెబుతానన్నాను. నెల దాటింది, ఇంకా చెప్పలేదు. ఈ ఉద్యోగంలోకి వస్తున్న హరితలాంటి వాళ్ళ కోసం, ఏం జరిగిందో అదన్నా రాసి పెడదామని కూర్చున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్ళు మా శాఖలో కావలసినంత మంది ఉన్నారు.

గొడుగు కింద పాఠం

ముందు ఈ పనేమిటో చెప్పాలి. ఒక పెద్ద కట్టడం వస్తుందంటే, దానివల్ల రోడ్డు మీద ఎంత రద్దీ పెరుగుతుంది, రోడ్డు తట్టుకుంటుందా, గేటు ఎక్కడ పెట్టాలి అని చూసి చెప్పాలి. అంతే పని. వినడానికి చిన్నదే. కాని గేటు నాలుగు గజాలు ఇటు జరిగితే ఒకరు బతుకుతారు, అటు జరిగితే పోతారు. అలా బతికినవాళ్ళు ఎవరో మనకి ఎప్పటికీ తెలియదు. పోయినవాళ్ళు తెలుస్తారు.

నాకు ఈ పని నేర్పింది సుబ్బరాజు గారు. నేను చేరినప్పుడు మా పై అధికారి, డీఈ. ముక్కు మీద కోపం. అంకె తప్పితే క్షమించేవారు. చూడనిదాన్ని చూసినట్టు రాస్తే మాత్రం కాగితాలు మొహాన విసిరేవారు.

ఇప్పుడంటే కెమెరాలు పెడుతున్నారు. అప్పుడు మేమే రోడ్డు పక్కన గొడుగు వేసుకుని కూర్చుని, వెళ్ళిన బండికల్లా కాగితం మీద ఒక గీత గీసేవాళ్ళం. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఐదోది. సైకిలుకి ఒక గడి, ఆటోకి ఒక గడి, లారీకి ఒక గడి. పన్నెండు మంది వేలాడుతూ పోయే ఆటో అయినా మా లెక్కలో ఒక గీతే. నా కాగితంలో నడిచే మనిషికి అసలు గడే లేదు.

నా మొదటి లెక్క ద్రాక్షారామం రోడ్డు మీద. మంగళ, బుధ, గురువారాల్లో లెక్కపెట్టడం మా ఆఫీసు ఆనవాయితీ, మామూలు రోజుల్లో మామూలు రద్దీ తెలుస్తుందని. భాద్రపదంలో మూడు రోజులు కూర్చుని, గీతలన్నీ కూడి, ఈ రోడ్డుకి ఇబ్బందేమీ లేదని రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన కాగితం తిప్పను కూడా తిప్పలేదు.

"కార్తీక సోమవారం నాడు అక్కడ ఎప్పుడైనా నిలబడ్డావా?"

"లేదండి."

"మన డెల్టాలో ఒక్కో రోడ్డూ మూడు రోడ్లురా అబ్బాయ్. వానల రోడ్డొకటి, కోతల రోడ్డొకటి, పండగల రోడ్డొకటి. నువ్వు కొలిచింది ఏ రోడ్డో ముందు తేల్చుకో. సంతకం తరవాత పెడుదువుగాని."

కార్తీకంలో మళ్ళీ పంపారు. ఆ సోమవారం తెల్లారేసరికి నా బల్ల చుట్టూ జనం. భీమేశ్వరుడి దర్శనానికి వచ్చినవాళ్ళు నన్ను చెప్పులు చూసేవాడనుకుని బల్ల కింద జోళ్ళు వదిలి పోతున్నారు. సాయంత్రం లెక్క చూస్తే గీతలు మామూలు రోజు కంటే తక్కువ వచ్చాయి. ఎందుకంటే బండ్లు కదిలితే కదా గీత గీసేది! సుబ్బరాజు గారు ఆ కాగితం చూసి మొదటిసారి నవ్వారు. "దీన్ని చూసి పండగనాడు రద్దీ తగ్గిందని రాసే మహానుభావులు మన శాఖలో ఉన్నారు. నువ్వు అలాంటివాడివి కాకు," అన్నారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలియక తప్పు చేశానని ఎవరూ అనుకోకూడదని. నాకు నేర్పినవాడు నేర్పాడు. నేనే మర్చిపోయినట్టు నటించాను.

రోడ్డు మీదికి ముఖం

ఇంకా రెండున్నరేళ్ళ సర్వీసు ఉందనగా ఆ చర్చి ఫైలు వచ్చింది. నిడదవోలు దాటాక కాలువ గట్టు రోడ్డు మీద ఒక ఊరు. పేరు రాయను. రోడ్డుకి ఒక పక్క కాలువ. రెండో పక్క రెండెకరాల ఖాళీ స్థలం, అక్కడే కొత్త చర్చి కట్టాలని. ఆ స్థలం వెనక పొలాలకి నీళ్ళు పారే బోదె. బోదె అవతల దళితుల పేట. పేట చివర తాతల నాటి చిన్న ప్రార్థన మందిరం ఉంది. వానాకాలంలో లోపల మోకాలి లోతు నీళ్ళు. సంఘం పెరిగింది, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు, పెద్దది కావాలి.

ఊళ్ళో పెద్ద రైతు వెంకట్రాయుడు గారు దీనికి అభ్యంతరం చెబుతూ అర్జీ పెట్టించారు. కింద బోలెడు సంతకాలు. చర్చి వస్తే ట్రాఫిక్‌కి ఇబ్బంది అని. స్థలం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన నాకు కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చారు.

"మాకు ఏ మతం మీదా కోపం లేదండి. ఆయ్. అన్నదమ్ముల్లాగ ఉంటున్నాం. రోడ్డు ఇరుకండి, అదే మా బాధ," అన్నారు.

కోపం లేదన్న మాట ఆయన మూడుసార్లు అన్నారు. అడగకుండా మూడుసార్లు చెప్పే మాటని నేను నమ్మను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది ఆయన వాదన. ఎందుకంటే ఆ రోడ్డు మీద సగానికి పైగా ధాన్యం ఆరబోసేది ఆయనే. ఆ సంగతి అప్పుడే నా చెవిన పడింది.

తర్వాత పాస్టరు గారు కనబడ్డారు. ఇమ్మానుయేలు గారని, నెమ్మదైన మనిషి. గేటు రోడ్డు మీదికే ఎందుకు, పక్క సందులోంచి పెట్టుకోకూడదా అని అడిగాను.

"మా తాత, మా నాన్న, నేను, అందరం సందులోంచే దేవుడి దగ్గరికి వెళ్ళేమండి," అన్నారాయన. "ఈ ఒక్కసారి రోడ్డు మీదికి ముఖం పెట్టుకోనివ్వండి సార్. బస్సులో పోయేవాళ్ళకి మా గేటు కనబడాలండి."

నేను తల దించుకున్నాను. మాది రైతు కుటుంబమే. చెప్పులు వేసుకుని గట్టెక్కాడని పేట మనిషిని కిందికి దింపినవాడు మా తాత. ఆ కథ మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. పాస్టరు గారు ఆ మాట అనగానే నాకు సిగ్గేసింది. ఈ గేటు ఇక్కడే రావాలి, వచ్చి తీరాలి అనుకున్నాను.

అక్కడే తప్పు మొదలైంది. ఒక్క బండి లెక్కపెట్టకముందే నేను ఫలితం రాసేసుకున్నాను. ఆ మనసు మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కాని వెంకట్రాయుడు గారి అర్జీ వెనక ఉన్న కుళ్ళు కనబడింది కాబట్టి, అర్జీలో ఉన్న నిజం కూడా అబద్ధమే అనుకున్నాను. ఆ రోడ్డు నిజంగానే ఇరుకు.

మరియమ్మ చూపించిన దారి

రోడ్డు వెడల్పు కొలవడానికి టేపు రెండో చివర పట్టుకునే మనిషి కావలసి వచ్చాడు. యేసేబు వచ్చి పట్టుకున్నాడు. రైసు మిల్లులో బస్తాలు మోసి మోసి నడుము పోయాక, పాత మందిరం తాళం తీయడం, చాపలు పరచడం, గంట కొట్టడం ఆయన పని. యాభై దాటిన మనిషి. టేపు ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే నేను వదలమన్నా వదల్లేదు. సర్కారు పని కదా, జాగ్రత్తగా చెయ్యాలన్నాడు.

ఆయన భార్య మరియమ్మ పొలం నుంచి వస్తూ ఆగింది.

"ఏం కొలుత్తున్నారండి?"

"రోడ్డమ్మా."

"ఎంతొచ్చిందండి?"

"ఐదున్నర మీటర్లు."

ఆవిడ నవ్వింది. "ఇప్పుడు కొలిత్తే అంతే వత్తుందండి. మార్గశిరంలో వచ్చి కొలవండి. సగం ధాన్యం, సగం రోడ్డు. రాయుడు గారి ధాన్యం తిరగేసేది నేనేనండి. నాకు తెలీదా?"

అప్పుడు శ్రావణం. రోడ్డు కడిగినట్టుగా ఉంది. సార్వా, అంటే వానాకాలం పంట, కోతలు అయ్యాక అదే రోడ్డు మీద ఒక పక్కంతా, కనుచూపు మేర, ధాన్యం పరుస్తారు. అంచుకి రాళ్ళు పేరుస్తారు. ఆడవాళ్ళు దాని మీద కాళ్ళతో చాళ్ళు తీసుకుంటూ తిరగేస్తారు. నాకు మరియమ్మ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు సెలవుల్లో మా ధాన్యానికి రోడ్డు మీద కాపలా కూర్చున్నవాణ్ణి నేనే. ఇప్పటికీ మా అన్నయ్య అలాగే ఆరబెడతాడు. మిషను కోసిన గింజ పచ్చిగా ఉంటుంది, తేమ ఉంటే మిల్లువాడు వెనక్కి పంపిస్తాడు, పొలంలో కళ్ళం చేసుకోవడానికి జాగా మిగల్లేదు. రైతుని తిట్టడం తేలిక. ఆరబోసుకోవడానికి ఇంకో చోటు చూపించమంటే ఏ శాఖా చూపించదు.

మరియమ్మ నన్ను స్థలం వెనక్కి తీసుకెళ్ళింది. బోదె మీద ఎవరో వేసిన తాటి దుంగ ఉంది.

"ఇక్కడ చిన్న వంతెన ఏయించండి సార్. పేటోళ్ళం ఇటునించే వచ్చేత్తాం. ముసిలోళ్ళూ పిల్లలూ రోడ్డెక్కక్కర్లేదు. పాస్టరు గారికి పెద్ద గేటు కావాలంటే ఉంచండి, పెళ్ళిళ్ళప్పుడు తీసుకుంటారు."

నా సర్వీసులో నేను విన్న ట్రాఫిక్ సలహాల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. చదువుకున్నవాళ్ళ దగ్గర కూడా వినలేదు. పాస్టరు గారి పరువూ నిలుస్తుంది, పేట జనం ప్రాణాలూ నిలుస్తాయి.

"ఊరుకోవే, సార్‌కి తెలీదేంటి," అని యేసేబు భార్యని మందలించాడు.

సార్‌కి తెలుసు. రాసుకుంటానమ్మా అన్నాను. డైరీలో రాసుకున్నాను కూడా. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నొప్పి లేని వాక్యం

రిపోర్టు ముసాయిదాలో రెండు విషయాలు పెట్టాను. కోతల కాలంలో రోడ్డు సగమే మిగులుతుందని ఒకటి, బోదె మీద కాలిబాట వంతెన వేయాలని రెండోది. మా ఆఫీసు పెద్ద, ఈఈ గారు పిలిచారు. నా కంటే పదేళ్ళు చిన్న. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం నిషేధం కదండి?"

"అవునండి."

"నిషేధం ఉన్నది అక్కడ జరుగుతోందని మనమే రాస్తే, మరి మీరేం చేస్తున్నారని మనల్నే అడుగుతారు. ఆ బోదె మన శాఖది కాదు. దానికి ఉత్తరం రాసి, సమాధానం వచ్చేసరికి మీరు రిటైరైపోతారు. అప్పటిదాకా ఆ చర్చి ఆగాలా? ఆపించారని మిమ్మల్నే అంటారు. మీకది ఇష్టమా?"

నాకు ఇష్టం లేదు. చర్చి ఆపినవాణ్ణి అనిపించుకోవడం నాకు అసలు ఇష్టం లేదు. అది ఆయనకి తెలుసు. ఆ రెండు పేరాలూ నా చేతులతోనే కొట్టేశాను.

కొట్టేసిన చోట ఏదో ఒకటి ఉండాలి కదా. మొదటి మూడు షరతులు మామూలువే. బోర్డులు పెట్టాలి, స్పీడ్ బ్రేకర్ వేయాలి, బండ్లు ప్రహరీ లోపలే నిలపాలి. అప్పుడు నాలుగోది తట్టింది. ఇద్దరు వాలంటీర్లు, ఎర్రజెండాలు. దానికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు. ఏ రైతూ గొడవ పెట్టడు. ఎవరికీ నొప్పి లేని వాక్యం. ఈఈ గారు చదివి "భేష్" అన్నారు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

మీకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మీ రిపోర్టులో ఏ వాక్యం ఎవరికీ నొప్పి కలిగించకుండా జారిపోతుందో, దాని దగ్గర ఆగండి. ఆ నొప్పి ఎక్కడికీ పోలేదు. కాగితం మీద లేని మనిషి దగ్గరికి వెళ్ళింది.

చర్చి లేచింది. ప్రారంభానికి నన్ను పిలిచారు. మా ఆఫీసులో సర్వేకి వాడే ఎర్రజెండాలు రెండు తీసుకెళ్ళి యేసేబు చేతిలో పెట్టాను. వాలంటీరు ఇంకెవరవుతారు, ఆయనే. రెండోవాడు దొరికిన రోజు దొరికేవాడు, లేని రోజు లేదు. యేసేబు జెండా కర్ర నిటారుగా పట్టుకుని, "ఎక్కడ నిలబడమంటారండి?" అని అడిగాడు.

గేటుకి ఎదురుగా, రోడ్డు మధ్యకి ఒక అడుగు ఇవతల నిలబెట్టాను. రెండు వైపులా బండ్లకి కనబడేటట్టు. భుజం పట్టుకుని మరీ నిలబెట్టాను.

ఆ ఆదివారం

ఆ ఏడు సార్వా బాగా పండింది. క్రిస్మస్ ముందు ఆదివారం. రోడ్డుకి చర్చి వైపు గేటు మేర వదిలి, అటూ ఇటూ ధాన్యం. కాలువ వైపు మిగిలిన తారు ముక్క మీదే బండ్లన్నీ పోవాలి. నేను అప్పుడు అక్కడ లేను. ఇంట్లో పేపరు చదువుకుంటున్నాను. చూసినవాళ్ళు చెప్పింది రాస్తున్నాను.

మధ్యాహ్నం ఆరాధన అయి జనం బయటికి వచ్చారు. పేట జనం ఇళ్ళకి పోవాలంటే రోడ్డు మీద నడిచి సందు మలుపు దాకా వెళ్ళాలి. ధాన్యం మీద నడవరు, తిరగేసే కూలి మనిషి తప్ప దాని మీద కాలు పెట్టకూడదు. అందరూ తారు ముక్క మీదికే వచ్చారు. పొరుగూళ్ళ వాళ్ళ కోసం ఆటోలు కాలువ వైపు ఆగి ఉన్నాయి. యేసేబు నేను నిలబెట్టిన చోటే నిలబడి జెండా ఊపుతున్నాడు. ధాన్యం బస్తాల లారీ వచ్చింది. మరీ జోరుగా ఏమీ రాలేదట. జెండా చూసి డ్రైవరు బ్రేకు వేశాడు. తారు మీద చిందిన గింజల మీద చక్రాలు జారాయి. గింజల మీద బ్రేకు పడదని మా ఊళ్ళో సైకిలు తొక్కేవాడికి కూడా తెలుసు.

యేసేబు అవతలికి దూకి ఉంటే బతికేవాడని అందరూ అన్నారు. దూకలేదు. ముందు జనాన్ని గేటు లోపలికి తోశాడు. ఆ తర్వాత ఆయనకి టైము లేదు.

రెండో సంతకం

కబురు తెలిసి సాయంత్రానికి అక్కడికి చేరాను. రోడ్డు శుభ్రంగా ఉంది. ధాన్యం లేదు. ప్రమాదం జరిగిన గంటలోపు, పోలీసు ఫొటోలు తీయకముందే, వెంకట్రాయుడు గారి మనుషులు మొత్తం బస్తాలకి ఎత్తేశారు. తారు గుంటల్లో గింజలు మిగిలాయి. అంచున పేర్చిన రాళ్ళని కాలువలోకి దొర్లించారు, ఒకటి రెండు గట్టు మీదే ఉండిపోయాయి.

వెంకట్రాయుడు గారు నన్ను చూసి దగ్గరికి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. "చెప్పేనా అండి? ట్రాఫిక్ ఇబ్బందని ముందే అర్జీ పెట్టేమా లేదా?" అన్నారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. కాని ఆయన్ని అనే అర్హత నాకెక్కడిది. ఆయన ధాన్యం ఎత్తేశాడు, నేను పేరా కొట్టేశాను. ఇద్దరం ఒకే పని చేశాం.

మర్నాడు స్థల పరిశీలన నివేదిక రాయమన్నారు. రోడ్డు వెడల్పు ఎంత అన్న గడి ఉంది. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. ధాన్యం ఉందని రాస్తే మొదటి రిపోర్టులో ఎందుకు రాయలేదని అడుగుతారు. భయపడ్డాను. ఐదున్నర మీటర్లు అని రాసి సంతకం పెట్టాను. తప్పంతా డ్రైవరుది అయిపోయింది.

మొదటి సంతకానికి నా దగ్గర సాకులున్నాయి. మంచి ఉద్దేశం, పైవాడి ఒత్తిడి, ఇంకా ఏవో. ఈ రెండో సంతకానికి సాకు లేదు. సుబ్బరాజు గారు అప్పటికే పోయారు. బతికి లేకపోవడమే మంచిదైందని ఆ రోజు అనుకున్నాను. గురువు గురించి ఎవరూ అలా అనుకోకూడదు.

హరితకి చెప్పవలసింది

ఏం రాయాలో నాకు తెలియక కాదు. మూడు రోడ్లూ కొలువు. స్థలం వెనక్కి నడిచి చూడు. నడిచే మనిషికి నువ్వే ఒక గడి గీసుకో. టేపు పట్టుకున్నవాణ్ణీ, దారిన ఆగి నవ్విన ఆవిడనీ అడుగు, వాళ్ళు చెప్పింది వాళ్ళ పేరుతో సహా రాయి. వాలంటీరు అన్న మాట నీ చేతిలోంచి రాకూడదు. రోడ్డు చేయలేని పనిని మనిషి చేత చేయించకు.

అలా రాస్తే ఫైలు తిరిగి వస్తుంది. మళ్ళీ అలాగే పంపిస్తే ఇంకొకరికి ఇస్తారు. వాళ్ళు నాలుగో షరతు రాసి పంపిస్తారు. ఆ షరతు ఇప్పటికే ఎన్ని ఫైళ్ళలో ఉందో నాకు తెలియదు, వెనక్కి తీసుకునే మార్గమూ లేదు. ఇది చెప్పి పిల్లని ఎందుకు నీరుగార్చాలని ఫోన్ చేయకుండా ఊరుకున్నాను.

మొన్న ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. మూడేళ్ళ తర్వాత. మళ్ళీ మార్గశిరం, మళ్ళీ ధాన్యం. బోదె మీద అదే తాటి దుంగ. గేటు ఎదురుగా ఎర్రజెండా పట్టుకుని మరియమ్మ నిలబడి ఉంది. జెండా గుడ్డ వెలిసిపోయింది, కర్ర మాత్రం మా ఆఫీసుదే.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. నేను ఏదేదో అందామని వెళ్ళాను, నోట్లోంచి వచ్చింది ఇదొక్కటే: "నువ్వెందుకమ్మా ఇక్కడ?"

"ఎవరో ఒకరు ఉండాలి కదండి. జెండా మనిషి లేకపోతే పర్మిషన్ రద్దు చేయించేత్తామని మళ్ళీ అర్జీ పెట్టేరంట. కాగితంలో ఉందంట కదండి, నాలుగోదో ఏదో. మా ఆయన కట్టుకున్న గుడి సార్. మూయించేత్తే ఎలాగ?"

ఆ కాగితం నేనే రాశానని ఆవిడకి తెలుసో తెలియదో నాకు తెలియదు. చెబుదామనే నోరు తెరిచాను. లోపల పాట ఆగింది, జనం లేస్తున్న చప్పుడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది.

"అక్కడ నిలబడకండి సార్. లారీలొత్తాయి. ఆయన ఉన్నది ఆ చోటేనండి. ఇలా ధాన్యం మీదికొచ్చేయండి. రాయుడు గారు ఏవన్నా అంటే నేను చెబుతాను."

చెప్పులు విడిచి ధాన్యం మీదికి ఎక్కాను. పాదాల కింద గింజలు వెచ్చగా ఉన్నాయి. మిల్లు వైపు నుంచి లారీ హారన్ వినబడింది. మరియమ్మ కొంగు నడుముకి దోపుకుని, జెండా ఎత్తి, నేను ఖాళీ చేసిన చోటికి వెళ్ళి నిలబడింది.